తొడ కొట్టారు సరే... చెయ్యి కలిపారా?

బరిలోకి దిగకముందే మాటలతో తలపడటం యోధులకు కొత్తేమీ కాదు. వికారాబాద్‌, తాండూరు జాతరల్లో పహిల్వాన్ల సవాళ్ల నుంచి లాస్‌వెగాస్‌ బోనుల్లో తిట్ల దండకాల దాకా... ఆ మాటలు ఎందుకు పుడతాయి? ఎక్కడ హద్దు దాటతాయి? ఏ మాటకు విలువుంటుంది? మన నిజామాబాద్‌ అమ్మాయి కథలో అందుకు సమాధానం దొరుకుతుంది.

ఎండ కాస్త వాలింది. డప్పుల మోత పెరిగింది. తవ్వి మెత్తగా చేసిన మట్టి చుట్టూ జనం గుండ్రంగా కూర్చున్నారు. వెనకవాళ్లు నిలబడ్డారు. ఇంకా వెనకవాళ్లు ట్రాక్టర్లెక్కారు. లంగోటీ బిగించిన ఓ పహిల్వాన్‌ బరి చుట్టూ తిరుగుతూ చెయ్యి పైకెత్తాడు. తొడమీద ఫెళ్లున చరిచాడు. 'నాతోని కుస్తీ పట్టేటోడు ఎవడన్న ఉంటే రమ్మనుండ్రి!'

ఈలలు. కేకలు. ఒక్క క్షణం నిశ్శబ్దం. జనంలోంచి మరో తొడ మోగుతుంది. ఇక చూడండి సందడి!

వికారాబాద్‌, తాండూరు చుట్టుపక్కల జాతర అంటే దేవుడి దర్శనం, మిఠాయి దుకాణాలు, రంగులరాట్నంతో అయిపోదు. కుస్తీ ఉంటేనే అది జాతర. అందుకు ఆ నేల కూడా ఓ కారణమే. వికారాబాద్‌ జంక్షన్‌లో రైలు మార్గం రెండుగా చీలుతుంది. ఒకటి తాండూరు మీదుగా కర్ణాటకలోని వాడికి వెళ్తుంది. ఇంకోటి జహీరాబాద్‌, బీదర్‌ మీదుగా మహారాష్ట్రలోని పర్లికి. నాపరాయికీ కందిపప్పుకీ పేరుమోసిన తాండూరులో బజారుకెళ్తే తెలుగు, ఉర్దూ, కన్నడ... మూడూ వినిపిస్తాయి. సరిహద్దు పల్లెల బరిలోకీ అంతే, అటునుంచీ ఇటునుంచీ పహిల్వాన్లు దిగుతారు. సవాలు ఏ భాషలో విసిరినా ఫర్వాలేదు. తొడ చప్పుడుకు అనువాదం అక్కర్లేదు కదా!

జోడీ కుదిర్చేది పెద్దలు

ఈ కుస్తీలకు ఓ వరస ఉంటుంది. మొదట చిన్నపిల్లలు. గెలిచిన బుడతడికి కొబ్బరికాయ. తర్వాత కుర్రాళ్లు, నగదు పందేలు. పొద్దుగూకే వేళకు అసలైన వస్తాదులు. ఆఖరి కుస్తీ గెలిచినవాడి చేతికి వెండి కడియం.

ఎవరితో ఎవరు తలపడాలన్నది ముందుగా కాగితమ్మీద రాసి ఉండదు. సవాలు విసిరినవాడినీ, అందుకు సై అన్నవాడినీ పక్కపక్కన నిలబెడతారు. ఎత్తూ ఒళ్లూ చూస్తారు. 'సరిజోడే' అని పెద్దలు తలూపితేనే కుస్తీ. అంటే నోరు తెరిచి అడగనివాడికి బరిలో చోటు దొరకదు. అడిగినంత మాత్రానా దొరకదు. తగిన జోడీ అని నలుగురూ ఒప్పుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతుంది. పట్టు మొదలయ్యే ముందు ఇద్దరూ వంగి మట్టిని తాకి కళ్లకద్దుకుంటారు. పిడికెడు మట్టి తీసి ఒకరి ఒంటికి ఒకరు రాస్తారు. చెమటకు జారిపోకుండా పట్టు దొరకాలి కాబట్టి. ఆలోచిస్తే ఎంత గొప్ప సంగతో! 'నన్ను పడగొట్టడానికి నీకు పట్టు దొరకాలి' అని ప్రత్యర్థికి తానే సాయం చేయడమన్నమాట. అంతకుముందు ఎన్ని మాటలన్నా ఆ పిడికెడు మట్టితో చెల్లు!

బోనులో బేరం

ఇదే తొడగొట్టుడు ఇప్పుడు కోట్ల డాలర్ల వ్యాపారం. మిక్స్‌డ్‌ మార్షల్‌ ఆర్ట్స్‌... పొట్టిగా ఎంఎంఏ. బాక్సింగ్‌, కుస్తీ, కిక్‌బాక్సింగ్‌, జుజుట్సు అన్నీ కలిపి ఎనిమిది మూలల బోనులో ఆడే ఆట. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో 'యూఎఫ్‌సీ' పేరుతో మొదలైన పోటీలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. మన దేశంలో 2012లో 'సూపర్‌ ఫైట్‌ లీగ్‌' వచ్చింది. 2022లో విజయ్‌ దేవరకొండ 'లైగర్‌' సినిమాతో ఈ ఆట పేరు మన ఇళ్లలోనూ వినిపించింది. 2024 జూన్‌లో పూజా తోమర్‌ యూఎఫ్‌సీ పోరు నెగ్గి, ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళయింది.

ఈ ఆటలో టైటిల్‌ పోరుకు ఎవరిని పిలవాలన్నది చాలావరకు నిర్వాహకుల ఇష్టం. ఎన్ని పోరాటాలు గెలిచారన్నది చూస్తారు. ఎవరు పోటీపడితే జనం డబ్బు పెట్టి చూస్తారన్నదీ చూస్తారు. అందుకే గెలిచిన యోధుడు చెమటైనా తుడుచుకోకముందే మైకందుకుని ఛాంపియన్‌ పేరు పెట్టి పిలుస్తాడు. ఛాంపియన్‌ మండిపడతాడు. వారాల తరబడి మాటల తూటాలు. విలేకరుల సమావేశంలో ముక్కూ ముక్కూ తగిలేలా నిలబడి గుడ్లురమడాలు. పోరు ఖరారైతే టిక్కెట్లు ఎగబడి కొంటారు.

అది ఎంతదాకా పోతుందో 2018లో ప్రపంచం చూసింది. ఐర్లాండ్‌ యోధుడు కోనర్‌ మెక్‌గ్రెగర్‌కూ, రష్యాలోని దాగెస్తాన్‌ నుంచి వచ్చిన ఖబీబ్‌ నుర్మగొమెదోవ్‌కూ మాటామాటా పెరిగింది. ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో ఖబీబ్‌ ఉన్న బస్సు మీదికి మెక్‌గ్రెగర్‌ సామాన్లు తోసే ఇనుప బండి విసిరాడు. అద్దాలు పగిలి లోపలున్న వేరే యోధులు గాయపడ్డారు. కేసయింది. ఆ తర్వాతా నోరు ఆగలేదు. ఖబీబ్‌ తండ్రినీ, మతాన్నీ, దేశాన్నీ లాగాడు.

అక్టోబరు 6న లాస్‌వెగాస్‌లో నాలుగో రౌండ్‌లో ఖబీబ్‌ మెడ బిగిస్తే మెక్‌గ్రెగర్‌ ఓటమి ఒప్పుకున్నాడు. అక్కడితో అయిపోవాలి. కానీ ఖబీబ్‌ కంచె దూకి ప్రత్యర్థి బృందం మీద పడ్డాడు. బోను లోపలా బయటా కొట్లాటే. విచారణ తర్వాత ఖబీబ్‌కు 5 లక్షల డాలర్ల జరిమానా, తొమ్మిది నెలల నిషేధం. మెక్‌గ్రెగర్‌కు 50 వేల డాలర్లు, ఆరు నెలలు. మరి వ్యాపారమో? ఇళ్లలో డబ్బు కట్టి చూసినవాళ్ల లెక్క 24 లక్షల దాకా వెళ్లి యూఎఫ్‌సీలో రికార్డయింది! మాటలు అమ్ముడుపోయాయి. మనుషుల మధ్య మాత్రం మంట మిగిలింది.

దెబ్బ మానింది.. మాట మానలేదు

మాటల యుద్ధమంటే ముందుగా గుర్తొచ్చేది మహమ్మద్‌ అలీ. తనను తాను పొగుడుకుంటూ జనాన్ని రెచ్చగొట్టే విద్యను 'గార్జియస్‌ జార్జ్‌' అనే ప్రదర్శన మల్లుడిని చూసి నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ప్రాసలతో, చమత్కారాలతో నవ్వించాడు. కానీ అదే నోటితో జో ఫ్రేజియర్‌ను 'గొరిల్లా' అన్నాడు. సైన్యంలో చేరనన్నందుకు అలీని బాక్సింగ్‌కు దూరం పెట్టిన రోజుల్లో, లైసెన్సు తిరిగి ఇప్పించేందుకు పాటుపడినవాడు ఆ ఫ్రేజియరే. 1975 అక్టోబరు 1న మనీలాలో ఇద్దరూ ప్రాణాలకు తెగించి తలపడ్డారు. ఒంటి గాయాలు మానాయి. ఫ్రేజియర్‌ మనసులో పడ్డ మాట మాత్రం దశాబ్దాలు సలిపింది. ఆ వేడిలో అనకూడనివి అన్నానని 2001లో అలీ క్షమాపణ చెప్పాడు. 2011లో ఫ్రేజియర్‌ చనిపోతే, వణుకుతున్న శరీరంతోనే అంత్యక్రియలకు వెళ్లాడు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని మన పెద్దలు ఊరికే అన్నారా!

అలాగని సవాలంటేనే చెడ్డదనుకుంటే పొరపాటు. 1910లో మన గామా పహిల్వాన్‌ లండన్‌ వెళ్లాడు. పొట్టిగా ఉన్నాడని అక్కడి పోటీలోకి రానివ్వలేదు. బరిలోకి రానివ్వకపోతే బలం చూపించేదెలా? నోరే దిక్కయింది. ఏ బరువు వాళ్లయినా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని బహిరంగంగా సవాలు విసిరాడు. మొదట నవ్వారు. అమెరికా మల్లుడు బెంజమిన్‌ రోలర్‌ వచ్చి ఓడాక నవ్వులు ఆగిపోయాయి. సెప్టెంబరు 10న పోలండ్‌ దిగ్గజం స్టానిస్లాస్‌ జిబిస్కోతో రెండున్నర గంటలు పట్టినా ఫలితం తేలలేదు. వారం తర్వాత మళ్లీ తలపడాల్సి ఉండగా జిబిస్కో రాలేదు. బెల్టు గామాకు దక్కింది. 1928లో పటియాలాలో మరోసారి ఎదురుపడితే నిమిషంలోపే గామా గెలిచాడు.

అదీ తేడా! ఒకరి మాట టిక్కెట్లు అమ్మడానికి. ఇంకొకరి మాట ఎదుటివాడిని పొడవడానికి. గామా మాట... తలుపు తట్టడానికి.

నిజామాబాద్‌ నుంచి ఓ సవాలు

సరిగ్గా అలాంటి తలుపునే తట్టింది నిఖత్‌ జరీన్‌.

1996లో నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్‌ మొదట పరుగు పందేలకు సాధన చేసేది. మైదానంలో అన్ని ఆటల్లో అమ్మాయిలున్నారు, బాక్సింగ్‌లో లేరు. ఎందుకని నాన్న జమీల్‌ అహ్మద్‌ను అడిగింది. అమ్మాయిలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారన్న మాట విని పంతం పట్టింది. గ్లవ్స్‌ తొడిగిన కొత్తల్లో ముఖం వాచి ఇంటికొస్తే అమ్మ పర్వీన్‌ సుల్తానా ఏడ్చేసింది, ఇలాగైతే పెళ్లెలా అవుతుందని. పేరొస్తే పెళ్లికొడుకులు వరస కడతారని కూతురు నవ్వించింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్‌ ప్రపంచ ఛాంపియనయింది. 2002లో మేరీకోమ్‌ తొలి ప్రపంచ టైటిల్‌ గెలిచిందీ ఆ ఊళ్లోనే. నిఖత్‌ ఆరాధించిన బాక్సర్‌ కూడా మేరీకోమే!

చిక్కల్లా ఇద్దరూ ఒకే బరువు విభాగంలోకి రావడంతో వచ్చింది. ఒలింపిక్స్‌లో 51 కిలోల విభాగానికి దేశం నుంచి ఒక్కరే వెళ్లాలి. 2017లో భుజం గాయంతో వెనకబడి, మళ్లీ లేచిన నిఖత్‌కు 2019లో ఎదురుగా కొండలా కనిపించింది మేరీకోమ్‌. ఆ ఏడాది మేలో గువాహటిలో ఇండియా ఓపెన్‌ సెమీస్‌లో ఇద్దరూ తలపడ్డారు. మేరీకోమ్‌ గెలిచింది. పోరుకు ముందు పత్రికల్లో నిఖత్‌ మాటలు చూసిన ఆమె 'ఎవరీ అమ్మాయి, నాకు తెలియదే' అన్నట్టు మాట్లాడింది. ముందు రింగ్‌లో నిరూపించుకోవాలంది.

అక్టోబరులో రష్యాలోని ఉలాన్‌ ఉదెలో జరిగిన ప్రపంచ పోటీల్లో మేరీకోమ్‌కు కాంస్యం వచ్చింది. ప్రపంచ పోటీల్లో ఆమెకది ఎనిమిదో పతకం. ఒలింపిక్‌ అర్హత పోటీలకు ఆమెను ట్రయల్‌ లేకుండానే పంపుతామన్న మాట బాక్సింగ్‌ సమాఖ్య నుంచి వచ్చింది. అంతకుముందు ఆ మినహాయింపు స్వర్ణ, రజత విజేతలకేనని చెప్పారు. ఇప్పుడు కాంస్యానికీ అంటున్నారు!

నిఖత్‌ ఊరుకోలేదు. అప్పటి క్రీడల మంత్రి కిరణ్‌ రిజిజుకు బహిరంగంగా లేఖ రాసింది. ఆ లేఖలో తిట్లు లేవు, శాపాలు లేవు. చిన్నప్పట్నుంచీ మేరీకోమే తనకు స్ఫూర్తి అని చెప్పింది. 23 ఒలింపిక్‌ స్వర్ణాలు గెలిచిన మైకేల్‌ ఫెల్ప్స్‌ కూడా ప్రతిసారీ అర్హత సాధించే వెళ్లాడు కదా అని గుర్తుచేసింది. అడిగింది ఒక్కటే... న్యాయంగా ఒక అవకాశం.

దేశమంతా రెండుగా చీలింది. బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన షూటర్‌ అభినవ్‌ బింద్రా, ప్రతిసారీ నిరూపించుకోవడమే క్రీడాకారుడి జీవితమన్నట్టు మాట్లాడాడు. బాక్సింగ్‌ సంగతి ఆయనకెందుకని మేరీకోమ్‌ చురకేసింది. మంత్రి కూడా ఎంపిక సమాఖ్య పనేనంటూ, ఆటగాళ్ల మేలు చూసి నిర్ణయించమని చెబుతానన్నారు. చివరికి సమాఖ్య దిగొచ్చి డిసెంబరులో ట్రయల్స్‌ పెట్టింది.

ఇక్కడ మేరీకోమ్‌ వైపు నుంచీ చూడాలి. నిఖత్‌ కంటే పదమూడేళ్లు పెద్ద. అప్పటికే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్‌. 2012లో లండన్‌ ఒలింపిక్స్‌లో కాంస్యం. ముగ్గురు బిడ్డల తల్లిగా మళ్లీ రింగ్‌లోకి వచ్చి 2018లో ప్రపంచ టైటిల్‌ గెలిచింది. అంత చేశాక కూడా పరీక్ష రాయమంటే మనసు చివుక్కుమనదా? పైగా తన పేరు రోజూ పత్రికల్లో నలుగుతుంటే! నిజమే. కానీ పాత మార్కులు ఎన్ని ఉన్నా కొత్త పరీక్ష కొత్తదే. ఆ మాట అనడానికి పెద్ద పతకాలు ఉండాల్సిన పనిలేదు.

చాచిన చెయ్యి

2019 డిసెంబరు 28. దిల్లీలోని ఇందిరాగాంధీ ఇండోర్‌ స్టేడియం. నెలల తరబడి సాగిన మాటల యుద్ధానికి ఆ రోజు నిమిషాల్లో తీర్పొచ్చింది. మేరీకోమ్‌ 9-1తో గెలిచింది. అనుభవం ముందు ఉడుకు నెత్తురు నిలవలేదు. తెలంగాణ బాక్సింగ్‌ సంఘం ప్రతినిధులు తీర్పు మీద నిరసన తెలిపారు. నిఖత్‌ మాత్రం ఆలింగనం చేసుకోవడానికి వెళ్లింది. మేరీకోమ్‌ చెయ్యి కూడా కలపలేదు. గౌరవం కావాలంటే ముందు ఇవ్వడం నేర్చుకోవాలని, చెయ్యెందుకు కలపాలని తర్వాత విలేకరులతో అంది. ఆ తీరు తనను బాధించిందని నిఖత్‌ చెప్పింది.

జాతర బరిలో ఆ దృశ్యాన్ని ఊహించండి. కుస్తీ అయ్యాక గెలిచినవాడు చెయ్యివ్వకుండా వెళ్లిపోతే పెద్దలు ఊరుకుంటారా? వెనక్కి పిలిచి, ఇద్దరినీ కలిపి, ఆ తర్వాతే పంపుతారు. వెయ్యి కెమెరాలున్న చోట ఆ పని చేసే పెద్ద ఒక్కరూ కనిపించలేదు.

ఆ రోజు ఓడింది కాబట్టి నిఖత్‌ మాట కూడా ఓడిపోయిందనుకున్నారు చాలామంది. కానీ ఆమె గెలిపించమని అడగలేదు, పోటీ పెట్టమని అడిగింది. పోటీ జరిగింది. అంటే రింగ్‌లో ఓడినా మాట నెగ్గినట్టే కదా!

మేరీకోమ్‌ టోక్యోకు అర్హత సాధించింది. 2021 జులైలో అక్కడ కొలంబియా బాక్సర్‌ ఇంగ్రిట్‌ వాలెన్సియా చేతిలో 3-2తో ఓడి కన్నీళ్లతో వెనుదిరిగింది. నిజామాబాద్‌ అమ్మాయి సాధన చేస్తూనే ఉంది.

2022 మే 19. ఇస్తాంబుల్‌. ప్రపంచ పోటీల ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్‌ జుటామస్‌ను 5-0తో ఓడించి నిఖత్‌ ప్రపంచ ఛాంపియనయింది. ఆ ఘనత సాధించిన అయిదో భారత మహిళ. గెలిచిన వెంటనే 'నేను ట్విటర్‌లో ట్రెండ్‌ అవుతున్నానా' అని చిన్నపిల్లలా అడిగింది. 'ఎవరీ అమ్మాయి' అన్న ప్రశ్నకు దేశమంతా ఒకేసారి జవాబు చెబుతున్న రోజది!

అభినందనలు చెప్పినవారిలో మేరీకోమ్‌ కూడా ఉంది. నిన్ను చూసి గర్వపడుతున్నానంటూ ట్విటర్‌లో రాసింది. నిఖత్‌ పాత లెక్కలు తీయలేదు. తన ఆదర్శ క్రీడాకారిణి నుంచి వచ్చిన మాటగానే దాన్ని సంతోషంగా అందుకుంది. దిల్లీలో ఆగిన కరచాలనం, రెండున్నరేళ్లు ఆలస్యంగా అలా పూర్తయింది.

ఆ ఏడాదే బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో స్వర్ణం. 2023 మార్చి 26న వియత్నాం బాక్సర్‌ గుయెన్‌ థి టామ్‌ మీద గెలిచి రెండో ప్రపంచ టైటిల్‌. మేరీకోమ్‌ తర్వాత ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలు గెలిచిన భారత మహిళ నిఖతే. ఆ విజయం ఎక్కడో తెలుసా? దిల్లీలో, మూడేళ్ల కిందట చాచిన చెయ్యి ఖాళీగా మిగిలిన ఆ ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలోనే! 2024లో పారిస్‌ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్‌ వు యు చేతిలో ఓడినప్పుడు ఏడ్చింది. అదే ఏడాది తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది.

మన ఇంట్లోనూ ఓ బరి

సెల్‌ఫోన్లో ఎంఎంఏ పోరాటాలు చూస్తున్న కుర్రకారు తాండూరులోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లకు ముందుగా కంటపడేది దెబ్బ కాదు, తిట్టు. అరనిమిషం వీడియోలో తిట్టు ఇముడుతుంది మరి. ఆ తిట్టు వెనకున్న వ్యాపారం ఇమడదు. నిఖత్‌ రాసిన లేఖలాంటిదీ ఇమడదు. ఆ తేడా చెప్పాల్సింది మనమే.

పిల్లాడు స్కూల్లో జట్టుకు ఎంపిక కాలేదని ఏడుస్తూ వస్తే ఏం చెబుతాం? 'పోనీలేరా' అంటాం. లేదంటే ఎంపికైన పిల్లాడిని నాలుగు తిట్టి ఓదారుస్తాం. మూడో దారి ఒకటుంది. 'వెళ్లి అడుగు. నాకూ ఒక్కసారి పోటీ పెట్టండని మర్యాదగా అడుగు. పెడితే శాయశక్తులా ఆడు. ఓడితే చెయ్యి కలిపి రా' అని చెప్పడం. నిఖత్‌ నడిచింది ఆ దారిలోనే.

మళ్లీ జాతర బరికి వద్దాం. పొద్దుగూకింది. వెండి కడియం గెలిచినవాడిని జనం భుజాలకెత్తుకున్నారు. వాళ్లమీంచి దిగి అతను ముందుగా వెళ్లింది ఓడినవాడి దగ్గరికే. గట్టిగా వాటేసుకున్నాడు. ఇద్దరి ఒంటి మీదా ఒకటే మట్టి. దూరం నుంచి చూస్తే ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో తెలియదు.

తొడ ఎంత గట్టిగా కొట్టినా తప్పులేదు. ఆ చెయ్యే తర్వాత ముందుకు చాస్తే చాలు!